కనికట్టు విప్పే ఆకు: నాలుగాకుల క్లోవర్‌ను ఎలా వెతకాలి, దొరికాక ఏం చేయాలి

మొన్న జూన్‌లో మా అమ్మ తెనాలి నుంచి డబ్లిన్ వచ్చింది. ఒకరోజు ఆఫీసు అయ్యాక పార్కుకు తీసుకెళ్లాను. ఆవిడ బెంచీ మీద కూర్చుంది. నేను గడ్డిలో గొంతుక్కూర్చుని నేలంతా గాలిస్తున్నాను.

"ఏరా, తాళాలు పడేసుకున్నావా?" అంది.

"కాదమ్మా, నాలుగాకుల క్లోవర్ కోసం. మామూలుగా ఆ మొక్కకు మూడాకులే. నాలుగాకులది దొరికితే అదృష్టం అంటారు ఇక్కడ."

"అదృష్టానికి ఇంత వంగాలా? మన దగ్గర నక్కతోక తొక్కితే చాలు" అని నవ్వి, తనూ వచ్చి పక్కన నిలబడింది. పది నిమిషాలు కూడా కాలేదు. "ఇదేనా?" అని వేలితో చూపించింది. అదే. మూడేళ్లుగా వెతుకుతున్న నాకు అప్పటికి దొరికినవి రెండు. ఆవిడకు కళ్లజోడు కూడా లేదు.

ఎలా చూశావమ్మా అంటే, "చేటలో బియ్యం పోసుకుని చూస్తామా, బియ్యం చూస్తే రాయి కనపడదు. చేటంతా చూడాలి, రాయి దానంతటదే కనపడుతుంది" అంది. ఈ ఆకు గురించి ఇంటర్నెట్లో నేను చదివిన చిట్కాలన్నిటికన్నా ఇదే బాగా పనిచేసింది. అందుకే ఇది రాస్తున్నాను. మీరు ఐర్లండ్‌లోనో ఇంగ్లండ్‌లోనో అమెరికాలోనో ఉంటే ఇంటి ముందు గడ్డిలోనే మొదలుపెట్టొచ్చు. ఇండియాలో ఉంటే ఊటీకో కశ్మీర్‌కో వెళ్లినప్పుడు ప్రయత్నించండి. ఈ మొక్క అక్కడి చలికి బాగానే అలవాటుపడింది.

ముందు మొక్కను గుర్తుపట్టండి

మీరు వెతకాల్సింది తెల్ల క్లోవర్. నేలను పట్టుకుని పాకుతుంది, కణుపు కణుపుకూ వేరు దిగుతుంది. సన్నటి కాడ చివర మూడు గుండ్రటి ఆకులు ఒకే చోట నుంచి విచ్చుకుంటాయి. శాస్త్రం ప్రకారం ఆ మూడూ కలిపి ఒకే ఆకు. మన మారేడు దళం లెక్కే అనుకోండి. దీని లాటిన్ పేరు ట్రైఫోలియం, అంటేనే 'మూడాకులది'. ఒక్కో చిన్నాకు మధ్యలో లేత తెలుపు గీత ఒకటి వంపు తిరిగి ఉంటుంది. ఆ గీత గుర్తుపెట్టుకోండి, వెతికేటప్పుడు అదే మన దారి. పూలు తెల్లటి చిన్న బంతుల్లా ఉంటాయి, ఒక్కోసారి గులాబీ ఛాయ తిరుగుతుంది. మన పాడి రైతులు గేదెలకు వేసే బర్సీమ్ గడ్డి కూడా ఈ వంశమే.

చాలామంది పొరబడేది పులిచింతాకు దగ్గర. చిన్నప్పుడు బడి గోడ పక్కన పీక్కుని ఉప్పద్దుకుని నమిలిన అదే పుల్లటి ఆకు. దానికీ మూడాకులే. కానీ ఒక్కో ఆకు హృదయం ఆకారంలో, కొన దగ్గర నొక్కు పడి ఉంటుంది. తెల్ల గీత ఉండదు, పూలు పసుపు. గ్రీటింగ్ కార్డుల మీద 'లక్కీ క్లోవర్' అని వేసే బొమ్మల్లో సగం ఈ పులిచింత జాతి ఆకులే. హృదయాకారం ముద్దుగా ఉంటుంది కాబట్టి బొమ్మలేసేవాళ్లు అదే వేస్తారు.

ఇంకో పొరపాటు నీటి మొక్కతో జరుగుతుంది. వరిమళ్లలో, చెరువు గట్ల చెమ్మలో ప్రతి కాడకీ నాలుగాకులతో పెరిగే ఒక మొక్క మీరు చూసే ఉంటారు. అది ఫెర్న్ జాతిది, క్లోవర్ కాదు. ప్రతి కాడకీ నాలుగు ఉన్నాయంటే అది మనం వెతికేది కాదని అర్థం. ఇక్కడ విలువంతా ఆ అరుదుతనానిదే.

ఎంత అరుదు

పదివేలకు ఒకటి అని పాత లెక్క ఒకటి అందరూ చెబుతారు. 2017లో యూరప్‌లో ఒక సర్వే కోసం దాదాపు 57 లక్షల ఆకులు చూశారు. దాదాపు 5,000కు ఒకటి నాలుగాకులది తేలింది. ఆకుకు ఒక సెకను చొప్పున పెట్టుకున్నా, 5,000 ఆకులు చూడటానికి 83 నిమిషాలు. కంగారుపడకండి, బియ్యం చేట పద్ధతిలో అంతసేపు పట్టదు. 2018లో అమెరికాలోని వర్జీనియాలో ఒకావిడ ఒక్క గంటలో 166 ఏరి గిన్నిస్‌లోకి ఎక్కింది.

ఇది ఎందుకలా పుడుతుందన్నది చాలాకాలం తేలలేదు. 2010లో జార్జియా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు దీనికి కారణమైన జన్యువు ఉన్న చోటును గుర్తించారు. వాతావరణం ప్రభావం కూడా ఉందన్నారు. మనకు పనికొచ్చే ముక్క ఏంటంటే, ఇది మొక్క గుణం. ఒక తీగకు నాలుగాకుల కాడ ఒకటి వచ్చిందంటే అదే తీగకు ఇంకోటి వచ్చే అవకాశం ఎక్కువ. అందుకే మొదటిది దొరికిన చోటు వదలొద్దు.

ఎప్పుడు వెళ్లాలి

మే నుంచి సెప్టెంబరు దాకా. పొద్దు వాలాక వెళ్లకండి, చీకటి పడితే క్లోవర్ ఆకులు ముడుచుకుంటాయి. మబ్బు పట్టిన పగలు అన్నిటికన్నా మంచిది. ఎండ బాగా ఉంటే ఆకుల నీడలు ఒకదానిమీద ఒకటి పడి తెల్ల గీతలు సరిగా కనపడవు. ఐర్లండ్‌లో మబ్బుకు కొదవ లేదు కాబట్టి ఇక్కడివాళ్లకు ఆ టెన్షన్ లేదు.

గడ్డి కోసిన మర్నాడే వెళితే తెగిన ఆకులే కనిపిస్తాయి. వారం ఆగండి. మందు చల్లామని చిన్న జెండా పాతిన లాన్ల జోలికి వెళ్లొద్దు. అసలు అలాంటి చోట క్లోవర్ మిగలదు కూడా. అమెరికాలో ఒకప్పుడు లాన్ విత్తనాల్లో క్లోవర్‌ను కావాలనే కలిపేవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కలుపు మందులు వచ్చి, అవి గడ్డిని వదిలి క్లోవర్‌ను చంపడంతో అది కాస్తా కలుపు మొక్క అయిపోయింది. పూలున్న చోట తేనెటీగలు ఉంటాయి, చెప్పులు విప్పకండి. గడ్డి ఎత్తుగా ఉంటే సాక్సులు పైకి లాక్కోండి, పిడుదులు పట్టుకుంటాయి.

ఎలా చూడాలి

ఇదే అసలు పని.

గుబురుగా పెరిగిన ఒక చోటు చూసుకుని నిలబడండి, లేదా నడుం సహకరిస్తే గొంతుక్కూర్చోండి. ఒక్కో ఆకునూ లెక్కపెట్టకండి. లెక్కపెట్టడం మొదలుపెట్టారా, రెండు నిమిషాల్లో కళ్లు తిరుగుతాయి, ప్రతిదీ నాలుగులాగే కనిపిస్తుంది. నేను మూడేళ్లు చేసిన తప్పు ఇదే. చేటంత మేర, అంటే రెండు జానల వెడల్పు చోటు, మొత్తంగా చూడండి. మూడాకుల కాడ మీద తెల్ల గీతలు మూడూ కలిసి త్రికోణంలా కనిపిస్తాయి. నాలుగాకుల దాని మీద అవే గీతలు చతురస్రం కడతాయి. మీ కళ్లకు ఒకే పని చెప్పండి: త్రికోణాల మధ్య చతురస్రం. కళ్లకు అది అలవాటవడానికి ఓ అరగంట పట్టొచ్చు. అయ్యాక మాత్రం నడుస్తూ కూడా చూడగలుగుతారు.

అరచేత్తో ఆకుల మీద నుంచి ఒకసారి మెల్లగా నిమరండి. పై ఆకులు పక్కకు వాలి, కింద దాగినవి బయటపడతాయి. ఆ చోట ఏమీ లేకపోతే ఒక అడుగు జరగండి. చూసిన చోటే మళ్లీ మళ్లీ చూడటం వల్ల లాభం లేదు.

మా అమ్మకు దొరికింది బాట పక్కన, మనుషుల కాళ్లకింద నలిగే చోట. అలాంటి చోట ఎక్కువ దొరుకుతాయని కొందరంటారు. నాకైతే అక్కడ గడ్డి పొట్టిగా ఉండటం వల్ల సులువుగా కనపడుతుందనిపిస్తుంది, అంతే.

దొరికింది అనుకున్నాక పరీక్షించండి

వెంటనే తెంపకండి. కాడను కిందిదాకా వేళ్లతో తడిమి చూడండి. రెండు కాడలు పక్కపక్కన ఆనుకుని, ఒకదాని ఆకు ఇంకోదాని మధ్యలోకి దూరి ఉండొచ్చు. పదిసార్లలో ఏడెనిమిదిసార్లు నాకు ఎదురయ్యేది ఇదే. ఒకే కాడ అయితే, నాలుగు ఆకులూ ఒకే బిందువు నుంచి వస్తున్నాయో లేదో చూడండి. పురుగు కొట్టడం వల్ల ఒక ఆకు రెండుగా చీలినా నాలుగులా కనిపిస్తుంది. అలా అయితే చీలిన అంచు గరుకుగా ఉంటుంది, తెల్ల గీత మధ్యలో తెగి ఉంటుంది. నిజమైన నాలుగోది తరచూ మిగతా మూడింటికన్నా కాస్త చిన్నగా, ఆలస్యంగా పుట్టిన తమ్ముడిలా ఉంటుంది.

అయిదాకులది దొరికితే? కొందరు అపశకునం అంటారు, కొందరు డబ్బు వస్తుందంటారు. ఎవరి మాట వింటారో మీ ఇష్టం. జపాన్‌లో పనిగట్టుకుని సంకరం చేసి 2009లో ఒకే కాడకు 56 ఆకులు పుట్టించారు, 2023లో అది 63కి వెళ్లింది. వాటికి శకునం చెప్పే ధైర్యం ఎవరూ చేసినట్టు లేదు.

తెంపే ముందు, మీ చేతిలో ఏముందో తెలుసుకోండి

ఒక్కో ఆకుకు ఒక్కో అర్థం చెబుతారు: నమ్మకం, ఆశ, ప్రేమ, నాలుగోది అదృష్టం. కీచెయిన్ల వెనక అచ్చేసి అమ్మేది ఇదే. ఈడెన్ తోట నుంచి వెళ్లిపోతూ ఈవ్ ఈ ఆకు ఒకటి చేతబట్టుకుని వెళ్లిందనే కథ ఇంకోటి. పురాతన కెల్టు పురోహితులు, అంటే ద్రూయిడ్లు, దీన్ని పూజించారని కూడా దుకాణాల అట్టల మీద చదువుతారు. ద్రూయిడ్లు తమ విద్య గురించి ఒక్క ముక్క రాసిపెట్టలేదు. కాబట్టి ఆ మాట ఎవరు చెప్పినా కాస్త అనుమానంతోనే వినండి.

ఇంగ్లిషులో రాతపూర్వకంగా దొరికే పాత మాటల్లో ఒకటి 1620 నాటిది. జాన్ మెల్టన్ అనే ఆయన జ్యోతిష్కులను వెక్కిరిస్తూ ఒక పుస్తకం రాశాడు. అందులో జనం మూఢనమ్మకాల చిట్టా ఒకటి ఇచ్చాడు. పొలంలో నడుస్తూ నాలుగాకుల గడ్డి చూసినవాడికి కొద్దికాలంలోనే ఏదో మంచి దొరుకుతుందట అన్నది ఆ చిట్టాలో ఒకటి. వెక్కిరించడానికి రాసిన మాటే ఇప్పుడు అందరికీ ప్రమాణమైంది చూశారా.

కానీ పల్లె కథల్లోకి వెళితే ఈ ఆకు పని వేరుగా ఉంటుంది. అదృష్టం సంగతి తర్వాత, ఇది కనికట్టు విప్పుతుంది. లేనిది ఉన్నట్టు, ఉన్నది లేనట్టు కళ్లను కట్టేసే మాయ దీని ముందు పనిచేయదు.

ఇంగ్లండ్ పడమటి చివర కార్న్‌వాల్ అనే ప్రాంతం ఉంది. అక్కడి కథలు రాబర్ట్ హంట్ అనే ఆయన 1865లో అచ్చు వేయించాడు. అందులో ఒక ఆవు కథ. ఆ ఆవు పాలు బాగానే ఇచ్చేది, కానీ ప్రతిరోజూ ఒక దశకు వచ్చాక చేపేది కాదు. ఎంత పితికినా చుక్క రాదు. ఎవరికీ కారణం అంతుపట్టలేదు. ఒకరోజు పాలుపితికే పిల్ల, బిందె తలకెత్తుకోవడానికి చుట్టకుదురు కావాలి కదా, అక్కడే గుప్పెడు గడ్డి పీకి చుట్ట చుట్టి నెత్తిన పెట్టుకుంది. బిందె ఎత్తుకుని తిరిగి చూస్తే ఆవు చుట్టూ వందల మంది చిట్టి మనుషులు! పొదుగు దగ్గర కొందరు, వీపు మీద కొందరు, పూలను గిన్నెలు చేసుకుని పాలు పడుతున్నారు. ఆవు హాయిగా కళ్లు మూసుకుని నిలబడింది. ఫెయిరీలు అన్నమాట. ఆ పిల్ల చుట్టకుదురులో ఒక నాలుగాకుల క్లోవర్ కలిసి వచ్చింది, అందుకే కనపడ్డారు.

ఇంటికి పరిగెత్తి యజమానురాలికి చెప్పింది. ఫెయిరీలకు ఉప్పు పడదు, ఉప్పు చేపల వాసన అసలే పడదు. ఆవిడ పొదుగుకు ఉప్పునీళ్లు రాయించింది. ఫెయిరీలు మళ్లీ రాలేదు. ఆ తర్వాత ఆవు పాలు పెరిగాయా? లేదు. ఆ నేస్తాలు పోయాక బెంగ పెట్టుకుని చిక్కి శల్యమైంది.

రెండో కథ జర్మనీది, గ్రిమ్ సోదరులు సేకరించింది. సంతలో ఒక గారడీవాడు కోడిపుంజు చేత పెద్ద దూలం మోయిస్తున్నాడు. జనం నోళ్లు తెరిచి చూస్తున్నారు. అప్పుడే నాలుగాకుల క్లోవర్ ఏరుకుని వచ్చిన ఒక అమ్మాయి, "దూలం ఎక్కడుంది? అది గడ్డిపోచ కదా" అంది. అంతే, అందరికీ మాయ విడిపోయింది, గారడీవాణ్ని తరిమేశారు. వాడు పగబట్టాడు. కొంతకాలానికి ఆ అమ్మాయి పెళ్లి. పెళ్లిబృందం పొలాలకు అడ్డంపడి చర్చికి నడుస్తుంటే దారిలో వాగు పొంగి పారుతోంది. వంతెన లేదు. పెళ్లికూతురు గౌను పైకెత్తి దిగింది. నడిమధ్యకు వెళ్లాక పక్కనుంచి వాడి గొంతు: నీ కళ్లు ఏమయ్యాయి, ఇది నీళ్లనుకుంటున్నావా? చూసుకుంటే ఆమె నిలబడింది నీలం పూలు పూసిన అవిసె చేలో. గౌను మాత్రం మోకాళ్ల పైన. ఊరంతా నవ్వింది.

ఆ రోజు ఆమె దగ్గర ఆకు ఉందని కథలో ఎక్కడా లేదు. కాబట్టి పద్ధతి ప్రకారం మొదటి నియమం ఇది: ఆకు ఒంటి మీద ఉన్నంతసేపే పనిచేస్తుంది. ఇంట్లో ఫ్రేము కట్టి సంతకు వెళితే లాభం లేదు.

తెంపాక పాటించే నియమాలు

ఇందులో ఒకదానికొకటి పొసగనివి చాలా ఉన్నాయి. నాకు తెలిసినంతలో చెబుతాను.

దొరికినదానికే బలం, కొన్నదానికి లేదు అన్న మాట దాదాపు అందరూ ఒప్పుకుంటారు. ఇంకా గట్టిగా చెప్పేవాళ్లు, వెతికి సాధించినది కూడా కాదు, అనుకోకుండా కాలికి తగిలినదే లెక్క అంటారు. అదే నిజమైతే ఈ వ్యాసం ఇక్కడితో ఆపేయాలి.

ఎవరికీ చూపించొద్దు, చూపిస్తే పోతుంది అనేవాళ్లున్నారు. ఇంకొకరికి ఇచ్చేయాలి, ఇస్తే ఇద్దరికీ కలిసొస్తుంది అనేవాళ్లూ ఉన్నారు. మా పక్కింటి పెద్దావిడ రెండో పక్షం. నాకు దొరికిన రెండోది ఆవిడకు ఇస్తే, పర్సులోంచి ఎప్పటిదో ఎండిపోయిన ఒకటి తీసి నాకు ఇచ్చింది. ముట్టుకుంటే పొడి అయ్యేలా ఉంది. అది ఇంకా నా బీరువాలో ఉంది, ఎవరికి ఇవ్వాలో తెలియక.

పెళ్లికాని అమ్మాయిలు చెప్పులో, సాధారణంగా కుడికాలి బూటులో పెట్టుకుని బయటకు వెళితే, మొదట ఎదురైన అబ్బాయే మొగుడవుతాడని ఇంగ్లండ్ పల్లెల్లో అనేవాళ్లు. మీరు ఇది ప్రయత్నించేట్టయితే వాకిలి తీసే ముందు కిటికీలోంచి ఓసారి చూసుకోండి, కొరియర్ కుర్రాడు నిలబడి ఉండొచ్చు.

కార్ల పిచ్చి ఉన్నవాళ్లకు ఈ కథ తెలిసే ఉంటుంది. 1923లో సిసిలీలో జరిగే టార్గా ఫ్లోరియో రేసుకు ముందు ఉగో సివోచ్చి అనే డ్రైవరు తన ఆల్ఫా రోమియో కారు మీద తెల్ల చతురస్రం, దానిలో పచ్చటి నాలుగాకుల క్లోవర్ వేయించుకున్నాడు. గెలిచాడు. అదే ఏడాది సెప్టెంబరులో మోంజా ట్రాక్ మీద కొత్త కారు నడిపి చూస్తూ ప్రమాదంలో చనిపోయాడు. ఆ కారు మీద క్లోవర్ లేదు. ఆ తర్వాత నుంచి కంపెనీ ఆ గుర్తును చతురస్రంలో కాక త్రికోణంలో వేస్తోంది. లేని నాలుగో మూల ఆయనదని చెబుతారు.

మరి ఎన్ని ఉంటే అంత అదృష్టమా? 1995 నాటికి 72,927 నాలుగాకుల క్లోవర్లు ఏరి గిన్నిస్ రికార్డు పెట్టిన మనిషి అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఖైదీ. అన్నీ జైలు ఆవరణలోనే ఏరాడు. 2007కు అలాస్కాలో ఒకాయన 1,11,060తో ఆ రికార్డు దాటాడు. జైల్లో ఉన్నవాడికి అన్ని ఆకులు ఏం చేశాయని మీరు అడగొచ్చు. ఆయనకు కనీసం కాలక్షేపం మాత్రం దొరికింది.

ఎండబెట్టి దాచడం

తెంపిన అరగంటలో వాడిపోతుంది. కాబట్టి వెతకడానికి వెళ్లేటప్పుడే ఒక పాత డైరీ, రెండు టిష్యూలు సంచిలో పెట్టుకోండి. కాడ రెండంగుళాలు ఉండేలా గోటితో గిల్లండి, లాగకండి. లాగితే తీగ మొత్తం ఊడి వస్తుంది, రేపు ఇంకోటి ఇచ్చేది పోతుంది.

టిష్యూ మీద బోర్లా పెట్టి, నాలుగు ఆకులూ ఒకదానిమీద ఒకటి ఎక్కకుండా వేలితో విడదీయండి. చిన్నదైన నాలుగోది కిందికి మడత పడుతుంది, దాన్ని అగ్గిపుల్లతో సరిచేయండి. పైన ఇంకో టిష్యూ పెట్టి డైరీ మూసేయండి. ఇంటికి వచ్చాక టిష్యూలు మార్చి, పైన బరువైన పుస్తకాలు పెట్టండి. వార్తాపత్రిక కాగితం వాడొద్దు, సిరా అంటుతుంది. మర్నాడు ఇంకోసారి కాగితం మార్చండి, ఆ ఒక్కసారే చాలా తేడా చేస్తుంది. తర్వాత రెండు వారాలు తీసి చూడకుండా ఉండాలి. చిన్నప్పుడు పుస్తకంలో నెమలీక పెట్టి, పిల్లలు పెట్టిందా అని పొద్దున్నా సాయంత్రం తెరిచి చూసినవాళ్లకు ఇది కష్టమే.

పూర్తిగా ఎండాకే లామినేషన్. నేను మొదటిదానికి ఆ తప్పు చేశాను. మూడో రోజే ఆఫీసులో మిషను ఖాళీగా కనపడింది కదా అని పెట్టేశాను. లోపల తేమ ఉండిపోయి, వేడికి ఉడికిన తోటకూర రంగుకు తిరిగింది. కొన ఒకటి తీసి చూడండి, వంచితే పుటుక్కున విరగాలి. వంగితే ఇంకా తడి ఉన్నట్టు. అయ్యాక ఎండ తగలని చోట పెట్టండి. ఎండలో పెడితే కొన్ని నెలల్లో గడ్డి రంగుకు వచ్చేస్తుంది. దేశం దాటించాలనుకుంటే మొక్కల గురించి ఆ దేశం కస్టమ్స్ నియమాలు ముందు చూసుకోండి.

కొనాలనుకునేవాళ్లకు, పెంచాలనుకునేవాళ్లకు

ఒక ఎయిర్‌పోర్టు దుకాణంలో 'నిజమైన నాలుగాకుల క్లోవర్' అని రెసిన్‌లో పోతపోసిన లాకెట్ ఒకటి కొన్నాను. ఇంటికి వచ్చి దీపం కింద పెట్టి చూస్తే ఆకుల కొనలు నొక్కులు పడి, చక్కటి హృదయాకారంలో నవ్వుతున్నాయి. పులిచింత చుట్టం. కొనే ముందు మీరు చూడాల్సింది ఆ నొక్కే.

జర్మనీలో ఉన్న తెలుగువాళ్లు డిసెంబరు చివర సూపర్‌మార్కెట్లో చిన్న కుండీలు చూస్తారు. నాలుగాకులు, మధ్యలో ముదురు ఊదా మచ్చ, పక్కన పొగగొట్టాలు ఊడ్చేవాడి చిన్న బొమ్మ. కొత్త ఏడాదికి ఒకరికొకరు ఇచ్చుకుంటారు. అదీ పులిచింత జాతే, మెక్సికో నుంచి వచ్చింది, ప్రతి కాడకీ నాలుగే. వేడుకకు కొనుక్కోండి, బాగుంటుంది. అరుదైనది అనుకుని మాత్రం కాదు.

నిజమైనది పెంచాలంటే, నాలుగాకులది దొరికిన తీగనే ఒక వేరున్న కణుపుతో సహా కత్తిరించి కుండీలో పాతండి. పార్కు మొక్క అయితే అడిగి తీసుకోండి. నీళ్లు, వెలుతురు చాలు. ప్రతి కాడకీ నాలుగు వస్తాయని ఎదురుచూడొద్దు. మూడాకులవే ఎక్కువ వస్తాయి, మధ్యలో ఎప్పుడో ఒకటి వస్తే వస్తుంది.

మార్చి 17న దీన్ని పెట్టుకోవద్దు

ఐర్లండ్ వచ్చిన కొత్తలో మార్చి 17న జరిగే సెయింట్ పాట్రిక్ (ఇక్కడి క్రైస్తవ మత గురువు) పండుగకు నాలుగాకుల బొమ్మ ఉన్న టీషర్టు వేసుకుని ఆఫీసుకు వెళ్లాను. ఎవరూ ఏమీ అనలేదు. ఒకాయన మాత్రం నా ఛాతీ మీది ఆకులు వేలితో లెక్కపెట్టి, "ఒకటి ఎక్కువైంది" అని వెళ్లిపోయాడు.

ఐర్లండ్ గుర్తు షామ్‌రాక్. దానికి మూడాకులే. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ ఒకరే అని చెప్పడానికి సెయింట్ పాట్రిక్ మూడాకుల కాడను చూపించాడని కథ. పాట్రిక్ అయిదో శతాబ్దం మనిషి, ఈ కథ అచ్చులో కనిపించేది 1726లో. పోనీ షామ్‌రాక్ అంటే కచ్చితంగా ఏ మొక్క అంటే అదీ ఒక తగువే. 1893లో ఒకసారి, 1988లో ఒకసారి దేశమంతటి నుంచి జనం చేత 'మీ షామ్‌రాక్ పంపండి' అని తెప్పించుకుని పెంచి చూశారు. రెండుసార్లూ పసుపు పూల చిన్న క్లోవర్ మొదటి స్థానంలో, మన తెల్ల క్లోవర్ రెండో స్థానంలో వచ్చాయి. ఏది పెట్టుకున్నా మూడాకులది పెట్టుకోండి.

అమ్మకు దొరికిన ఆకు పద్ధతిగా రెండు వారాలు ఎండింది, పచ్చగానే ఉంది. వెళ్లేటప్పుడు మా అమ్మాయి చేతిలో పెట్టి వెళ్లింది. పోయిన ఆదివారం ఫోన్ చేసి, "ఒరేయ్, మన నూతి గట్టు దగ్గర పులిచింతాకులో నాలుగాకులది ఒకటి దొరికింది. లెక్కలోకి వస్తుందా?" అని అడిగింది.

"రాదమ్మా, అది వేరే మొక్క. నీకు ఆ రోజే చెప్పాను కదా."

"వాళ్ల లెక్కలో రాదేమోలే" అంది. "నేను పంచాంగంలో పెట్టేశాను."

కాగితం మార్చిందో లేదో అడగడం మర్చిపోయాను.